పొద్దున కాల్షియం పూట, మధ్యాహ్నం ఐరన్ పూట: రక్తహీనత ఉన్న గర్భిణికి పులిసిన పిండి టిఫిన్లు – తిరుపతి కేసు

వయసు 24. రెండో కాన్పు. పెద్దబిడ్డకు ఇంకా రెండేళ్లు నిండలేదు. జూన్ రెండో వారంలో, గర్భం 13వ వారంలో ఉండగా, ప్రసూతి డాక్టరు ఆహార సలహా కోసం మా దగ్గరికి పంపారు. ఎత్తు 152 సెం.మీ., బరువు 46 కిలోలు, హిమోగ్లోబిన్ 9.2. స్మియర్‌లో (సూక్ష్మదర్శిని కింద చూసిన రక్తపు పూతలో) ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి కనిపించాయి. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) 9. హిమోగ్లోబిన్ ఎ2 మామూలుగానే ఉంది కాబట్టి బీటా తలసీమియా వాహకురాలు అయ్యే అవకాశం తక్కువ. ఫెరిటిన్ చెప్పేది ఇనుము లోపమే. గర్భిణికి 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థ స్థాయి. అందుకే డాక్టరు రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాశారు (ఒక్కో మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్). 14వ వారం నుంచి 500 మి.గ్రా. కాల్షియం మాత్ర రోజుకు రెండుసార్లు, రెండో త్రైమాసికంలో ఒకసారి అల్బెండజోల్ 400 మి.గ్రా. కూడా ఉన్నాయి. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు ఇక్కడ మార్చాం.

ఇంటివాళ్లు అడిగింది ఒకటే. పొద్దున పూట ఇంట్లో పులవబెట్టిన ఇడ్లీ, అంబలి పెడితే ఒంట్లో రక్తం పడుతుందా? దాని పాటికి అది పడదు. 9.2 ఉన్న మనిషికి మాత్రే మందు. టిఫిన్ చేసే పని వేరే ఉంది. కడుపులో నిలవాలి, మాంసకృత్తులు, కాల్షియం అందించాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మాత్రకు అడ్డం రాకూడదు. ఈ కేసులో చిక్కంతా ఆ చివరి దాని దగ్గరే వచ్చింది.

ముందు ఎలా తింటోంది

పొద్దున అయిదున్నరకు టీ. తొమ్మిది దాటాక నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, వెంటనే ఇంకో టీ. ఆ టీతోనే ఐరన్ మాత్ర. పిండి అంగడిలో కొన్న ప్యాకెట్‌ది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది. మూడో రోజు నుంచి ఇడ్లీ పుల్లబడిపోతే చిటికెడు సోడా ఉప్పు వేస్తారు. సోడా పులుపును చంపుతుంది నిజమే, దాంతోపాటు ఉద్దిపప్పు (మినప్పప్పు)లోని బి1 విటమిన్‌నూ దెబ్బతీస్తుంది, సోడియం పెంచుతుంది. మధ్యాహ్నం రెండుకు అన్నం, పప్పుచారు, మజ్జిగ. రాత్రి మళ్లీ అన్నం. గుడ్డు అంగన్‌వాడీలో ఇచ్చినప్పుడు, మాంసం ఎప్పుడో ఒకసారి. వేవిళ్లు తగ్గుముఖం పట్టాయి గానీ పరగడుపున వికారం పోలేదు.

జాతీయ పోషకాహార సంస్థ పట్టికలతో లెక్క కడితే ఆ నాలుగు ఇడ్లీలలో (పొడి దినుసులు సుమారు 80 గ్రాములు, అందులో బియ్యం 60, ఉద్దిపప్పు 20) మాంసకృత్తులు 9 గ్రాములు, ఇనుము 1.3 మి.గ్రా., కాల్షియం సుమారు 15 మి.గ్రా. గర్భిణికి రోజుకు కావలసింది ఇనుము 27 మి.గ్రా., కాల్షియం 1000 మి.గ్రా. కడుపు నిండుతోంది తప్ప లెక్క నిండడం లేదు. పైగా వెంటనే తాగే టీలోని టానిన్లు (వగరు పదార్థాలు) ఆ 1.3లోనూ సగానికి పైగా పట్టేసుకుంటాయి. మాత్రలోని ఇనుముకూ అదే గతి.

పులియడం ఏం చేస్తుంది, ఏం చేయదు

రుబ్బిన పిండిలో ముందు ల్యూకోనోస్టాక్ జాతి బాక్టీరియా పెరిగి గ్యాస్ వదులుతుంది, పిండిని పొంగించేది అదే. దాని వెనకే లాక్టోబాసిల్లస్ వచ్చి పులుపు పెంచుతుంది. పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఆరు దగ్గర మొదలై నాలుగున్నర దాకా దిగుతుంది. దిగే దారిలో గింజల్లోనే ఉండే ఫైటేజ్ ఎంజైమ్ చురుకై, ఇనుమును, జింకును కట్టిపడేసే ఫైటిక్ ఆమ్లాన్ని కొంత విడగొడుతుంది. పులిసిన పిండికి మనం ఇచ్చే మార్కులు ఇందుకే. రాగుల పొట్టులో టానిన్లు కూడా ఉంటాయి. వాటిని తగ్గించడానికి మొలక కట్టడం కాస్త మేలు.

ఇడ్లీని ‘ప్రోబయోటిక్’ అనడం సరికాదు. ఆవిరిలో పది నిమిషాలు ఉడికిన ఇడ్లీలో బతికి ఉన్న లాక్టోబాసిల్లస్ ఏముంటుంది? బతికున్నవి కావాలంటే పెరుగు, మజ్జిగ. ఇడ్లీ పిండిలో బి12 పుడుతుందన్న మాట నమ్మి గుడ్డు, పాలు మానుకునే వాళ్లూ ఉన్నారు. ఆ బి12ను మేం లెక్కలోకి తీసుకోం.

గర్భిణికి టిఫిన్ ఎంచేటప్పుడు చూడాల్సిన తేడా ఇంకొకటుంది. ఇడ్లీ, దోసె, పొంగనాలు పులిసిన తర్వాత ఉడుకుతాయి. సద్దన్నం ఉడికిన తర్వాత పులుస్తుంది. మొదటి రకంలో పిండిలోకి ఏదైనా చెడ్డ సూక్ష్మజీవి చేరినా వేడికి చాలావరకు చస్తుంది. రెండో రకంలో ఆ రక్షణ లేదు. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా బతికే ఉంటాయి. జూన్ రాత్రి తిరుపతి వంటింట్లో 32 డిగ్రీల దగ్గర అన్నాన్ని ఉత్త నీళ్లలో వదిలేస్తే, పులుపు ఎక్కేలోపే అవి పెరగొచ్చు. వాంతులు తెప్పించే వాటి విషం మళ్లీ కాచినా పోదు. సద్ది తిని పెరిగిన ఊళ్లో ఈ మాట చెబితే నవ్వుతారు. అయినా గర్భంతో ఉన్నప్పుడు సద్దన్నాన్ని తోడన్నంగా మార్చి తినమనే మా సలహా. రాత్రి అప్పుడే వండిన అన్నం 150 గ్రాములు గోరువెచ్చగా చల్లార్చి, కాచిన పాలు 150 మి.లీ. పోసి, చెంచాడు పెరుగుతో తోడు వేయాలి. తోడు పడగానే పులుపు మొదలవుతుంది, చెడ్డ వాటికి వ్యవధి దొరకదు. మధ్యాహ్నం మిగిలిన అన్నంతో చేయకూడదు. పొద్దున ఏడున్నరకల్లా తినేయాలి, మిగిలితే దాచకూడదు. పక్కన ఎర్రగడ్డ (ఉల్లిపాయ), పచ్చిమిరపకాయ మామూలే. పచ్చిపాలు, కాచని పాలతో చేసిన పెరుగు లిస్టీరియా అనే బాక్టీరియా భయంతో పూర్తిగా మానాలి. అది ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది.

ప్రణాళిక: పూటలు విడగొట్టడం

ఇనుము, కాల్షియం రెండూ ఎక్కువగా ఉన్న తిండి ఒకే పూట పెడితే ఇనుముకు కాల్షియం అడ్డు. రాగులను రక్తం కోసం పెట్టేవాళ్లు మరిచిపోయేది ఇదే. 100 గ్రాముల రాగుల్లో ఇనుము 4.6 మి.గ్రా. ఉంది, నిజమే. పక్కనే 364 మి.గ్రా. కాల్షియం, బోలెడు టానిన్లూ ఉన్నాయి. ఆ ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే. రాగుల గొప్ప కాల్షియంలో ఉంది, దాన్ని దానికే వాడుకోవాలి.

కాబట్టి పొద్దున పూటను కాల్షియానికి ఇచ్చేశాం. ఎనిమిదికి రాగి కలిసిన పులిసిన టిఫిన్, మజ్జిగ, తిన్నాక కాల్షియం మాత్ర. పదకొండుకు ఒక ఐరన్ మాత్ర, నిమ్మకాయ నీళ్లతో. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇనుము పూట: అలసందలు (బొబ్బర్లు) లేదా పెసలు 40 గ్రాములు, ఆకుకూర, అన్నం మీద నిమ్మకాయ, వీలైతే మాంసమో చేపో. ఆ పూట పెరుగు, టీ రెండూ ఉండవు. పెరుగన్నం లేనిదే తిన్నట్టు ఉండదు అన్న అభ్యంతరం మొదటి రోజే వచ్చింది, దాన్ని రాత్రికి మార్చాం. రాత్రి ఏడున్నరకు భోజనం, రెండో కాల్షియం మాత్ర. పదింటికి పడుకునే ముందు రెండో ఐరన్ మాత్ర. టీ మానమని చెప్పలేదు. పొద్దున అయిదున్నర టీ, సాయంత్రం నాలుగింటి టీ ఉంచి, టిఫిన్ వెంటనే తాగేదాన్ని మాత్రమే తీసేశాం. మొత్తం మానమంటే చాటుగా తాగుతారు, అప్పుడు ఏ వేళకు తాగారో కూడా తెలియదు.

వికారానికి పడక దిగకముందే నాలుగు మరమరాలో, ఒక రస్కో. ఆ తర్వాతే టీ.

పిండి: కొలతలు

రాగులు 200 గ్రాములు, ఇడ్లీ బియ్యం 100, ఉద్దిపప్పు 100, మెంతులు ఒక చెంచా. 20 ఇడ్లీలు వస్తాయి.

రాగులన్నీ మొలక కట్టకూడదు. మొలకెత్తిన గింజలో అమైలేజ్ ఎంజైమ్ పుట్టి పిండి పదార్థాన్ని విరగ్గొడుతుంది. పిండి జారుడవుతుంది, తొందరగా పులుస్తుంది, ఇడ్లీ పైకి లేవక రేకులా అతుక్కుంటుంది. మొదటిసారి ఈ ఇంట్లో జరిగింది ఇదే. అన్నీ మొలకలే వేసి, మామూలు పిండికి పోసినన్ని నీళ్లు పోశారు. సగం మొలకలు (100 గ్రాములు), సగం ఉత్తగా నానినవి (100 గ్రాములు) వేసుకుంటే టానిన్, ఫైటేట్ (ఫైటిక్ ఆమ్లం) కొంత తగ్గుతాయి, ఇడ్లీ నిలుస్తుంది.

మొలకకు: రాగులు మూడు నాలుగు సార్లు కడిగి, 10 గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచి, పల్చటి నూలుగుడ్డలో మూట కట్టాలి. జూన్‌లో తిరుపతిలో 20 నుంచి 24 గంటలు చాలు. రెండుసార్లు నీళ్లు చిలకరించాలి, మూట కారుతూ ఉండకూడదు. మొలక 2–3 మి.మీ. దాటితే చేదు ఎక్కుతుంది. మూట విప్పగానే బూజు వాసన వచ్చినా, గింజలు జిగటగా దారాలు సాగినా మొత్తం పారేయాలి, కడిగి వాడుకునే ప్రయత్నం వద్దు. మొలకలు పచ్చివి తినడం గర్భంతో మంచిది కాదు. ఇక్కడ అవి ఉడుకుతాయి కాబట్టి ఇబ్బంది లేదు.

ఉద్దిపప్పు, మెంతులు కలిపి మూడు గంటలు నానితే చాలు. వేసవిలో అంతకుమించి నానితే నానిన నీళ్లే పులవడం మొదలుపెడతాయి. వెట్ గ్రైండర్‌లో ఫ్రిజ్ నీళ్లు కొద్దికొద్దిగా, మొత్తం 200 నుంచి 220 మి.లీ. పోస్తూ 20–25 నిమిషాలు రుబ్బాలి. గిన్నెడు నీళ్లలో చుక్క వేస్తే తేలాలి, మునిగితే ఇంకా గాలి పట్టలేదన్నమాట. ఉద్దిపిండిలోని జిగురు పీచు, మాంసకృత్తులు కలిసి గ్యాస్‌ను పట్టి ఉంచుతాయి. మిక్సీ వేడికి ఆ జిగురు దెబ్బతింటుంది. మిక్సీయే దిక్కయితే నిమిషం తిప్పి రెండు నిమిషాలు ఆపాలి. పాత ఉద్దిపప్పు ఎంత రుబ్బినా పొంగదు. పిండి పొంగలేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందు అడగాల్సిన ప్రశ్న, పప్పు కొని ఎన్నాళ్లయింది?

రాగులు, బియ్యం విడిగా, కొంచెం రవ్వ తగిలేలా రుబ్బి, ఉద్దిపిండితో కలిపి, ఒకటిన్నర చెంచా ఉప్పు వేయాలి. గిన్నె సగమే నిండాలి. బయట పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే ఎంత పొంగిందో అంచనా కట్టనక్కర్లేదు. ఒకటిన్నర రెట్లు దాటి రెండింతలకు దగ్గర పడుతుండగా ఫ్రిజ్‌లోకి పోవాలి.

తిరుపతి ఎండాకాలంలో ఎక్కువ ఇళ్లలో గాడి తప్పేది వేళ దగ్గర. సాయంత్రం ఏడింటికి రుబ్బి పొద్దున ఏడింటికి చూస్తారు. 32 డిగ్రీల వంటింట్లో ఆ పిండి అర్ధరాత్రికే పొంగి, పొద్దునకు కుంగి, పుల్లటి నీళ్లు వదులుతుంది. నాలుగింటికి రుబ్బేస్తే రాత్రి తొమ్మిదిన్నర, పదింటికి పిండి సిద్ధం. పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున అరగంట ముందు కావలసినంత మాత్రం బయటికి తీయాలి. గిన్నె మొత్తం తీసి మళ్లీ పెట్టే అలవాటు వల్లే మూడో రోజుకు పుల్లబడుతుంది. ఇలా చేస్తే సోడా అవసరమే రాదు. మూడు రోజులు దాటి ఉంచవద్దు. గులాబీ, నారింజ, నల్ల మచ్చ ఏది కనిపించినా పై పొర తీసేయడం కాదు, గిన్నెడూ పారబోయాలి.

రాగి ఇడ్లీకి ఆవిరి 13–14 నిమిషాలు కావాలి, బియ్యపు ఇడ్లీకన్నా మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ. దించాక మూడు నిమిషాలు ఆగి తీస్తే పళ్లేనికి అంటదు.

నాలుగు ఇడ్లీలలో ఇప్పుడు మాంసకృత్తులు దాదాపు అంతే, 9 గ్రాములు. కాల్షియం మాత్రం 150 మి.గ్రా. దాటింది. మాంసకృత్తుల లోటు పూడ్చింది చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి). వేయించిన చెనిక్కాయలు 25 గ్రాములతో ఇంకో 6 గ్రాములు వస్తాయి, ఉడికించిన గుడ్డుతో మరో 6. కొబ్బరి చట్నీకి ఆ బలం లేదు. ఊరుబిండిలో పచ్చిమిరపకాయలు మామూలుకన్నా సగమే వేయమన్నాం, కారణం 30వ వారం దగ్గర వస్తుంది.

మూడో రోజు పిండి కాస్త పులుపెక్కుతుంది. దాన్ని ఇడ్లీకి కాకుండా గుంత పొంగనాలకు వాడాలి. గుప్పెడు మునగాకు, తరిగిన ఎర్రగడ్డ, క్యారెట్ తురుము కలిపితే పులుపు కలిసిపోతుంది. గుంతకు పావు చెంచా నూనె, మూత పెట్టి సన్నని సెగ. ఏడు పొంగనాలు ఒక పూట.

అంబలి వారానికి రెండు రోజులు. అంగన్‌వాడీ నుంచి వచ్చిన రాగిపిండి దీనికి సరిపోయింది. నాలుగు పెద్ద చెంచాలు (సుమారు 40 గ్రాములు) 200 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రి మూత పెట్టి ఉంచాలి. జూన్‌లో ఆరు గంటలు చాలు. పొద్దున 400 మి.లీ. నీళ్లు మరుగుతుండగా పోసి, అడుగంటకుండా 10–12 నిమిషాలు కలుపుతూ ఉడికించి, బాగా చల్లారాక 150 మి.లీ. మజ్జిగ, ఉప్పు, ఎర్రగడ్డ. కొన్ని ఇళ్లలో అంబలిని రాత్రే కాచి పొద్దుటికి పులవనిస్తారు. ఇక్కడ వరస తిప్పాం, ఎందుకో సద్దన్నం దగ్గర చెప్పాం. అంబలి ఒక్కటే టిఫిన్ కాకూడదు. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు గ్రాములే, గంటన్నరలో ఆకలేస్తుంది. గుడ్డో, గుప్పెడు ఉడికించిన చెనిక్కాయలో తోడుండాలి.

అత్తగారి అభ్యంతరం ఒకటి నమోదు చేయాలి. “పులిసింది తింటే బిడ్డకు నెమ్ము చేస్తాది గదమ్మా” అన్నారు. వాదించలేదు. అతిగా పులిసింది పెట్టం, అప్పుడే పొంగిన పిండే పెడతాం అన్నాం. మనకూ కావలసింది అదే కాబట్టి ఇద్దరికీ కుదిరింది.

18వ వారం: అనుకున్నంత పెరగలేదు

హిమోగ్లోబిన్ 9.5. రెండు మాత్రలు సరిగా వేసుకుంటే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే కారణం వెతకాలి, లేదా పై చికిత్సకు పంపాలి. రెండో త్రైమాసికంలో రక్తంలో నీటి భాగం పెరిగి అంకె కాస్త తక్కువ కనబడటం మామూలే. కానీ తేడా అంతా దాని మీదికి నెట్టకూడదు.

మాత్రల అట్టలు తెప్పించి లెక్కపెడితే విషయం బయటపడింది. రాత్రి మాత్ర సగానికి పైగా మిగిలింది. మలబద్ధకం, నల్లటి విరేచనం చూసి భయపడి మానేసింది. నలుపు మామూలేనని ముందే చెప్పి ఉన్నా, మలబద్ధకం నిజమైన బాధ. పదకొండింటి మాత్ర వేసుకుంటోంది గానీ, ఆ వేళకు ఆకలేసి గ్లాసెడు పాలతో కాచిన రాగి జావ తాగుతూ అందులోనే మింగుతోంది. బలమైన తిండితో బలమైన మాత్ర అనుకుంది. ఇనుముకు అంతకన్నా చెడ్డ జోడీ దొరకదు.

ప్రసూతి డాక్టరు ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్ల గురించి ఆలోచించి, ఇంకా నాలుగు వారాలు చూద్దామన్నారు. మందులో మార్పు లేదు. జావను సాయంత్రం అయిదుకు జరిపాం. పదకొండింటి ఆకలికి సగం జామకాయ లేదా ఒక బత్తాయి, దాంతో మాత్ర. విటమిన్ సి ఇనుమును పేగులో కరిగే రూపంలో ఉంచుతుంది. ఆకలి అసలు ఎందుకేస్తోందని చూస్తే, గుడ్డు, ఊరుబిండి లేని రోజులే. చట్నీ చేసే తీరిక లేని రోజు కోసం వేయించిన చెనిక్కాయలు పొడి కొట్టి డబ్బాలో ఉంచమన్నాం, ఇడ్లీ మీద రెండు పెద్ద చెంచాలు చల్లుకుంటే సరి. మలబద్ధకానికి మధ్యాహ్నం పొట్టుతో ఉన్న పెసలు, ఆకుకూర పెంచి, నీళ్లు రోజుకు రెండున్నర లీటర్లు, డాక్టరు రాసిన ఇసబ్గోల్ కొన్నాళ్లు.

22వ వారానికి 10.3. 28కి 10.8.

25వ వారంలో 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్షలో రెండు గంటల చక్కెర 127 వచ్చింది, 140 లోపే. అది దాటి ఉంటే ఈ టిఫిన్ల పట్టిక చాలా మారేది.

30వ వారం: గుండెల్లో మంట

పెరిగిన గర్భసంచి పొట్టను పైకి నెడుతుంది, ప్రొజెస్టెరాన్ హార్మోను అన్నవాహిక కింది బిగువును వదులు చేస్తుంది. పుల్లటి దోసె, కారం చట్నీ ఆ మంటను రేపుతాయి. అప్పటికి వర్షాలతో వంటగది చల్లబడి, పిండి పొంగడానికి ఏడెనిమిది గంటలు పడుతోంది. వాళ్లు జాగ్రత్త పడి పది గంటలు ఉంచుతున్నారు. ఒకటిన్నర రెట్లు దాటగానే ఫ్రిజ్‌లో పెట్టమన్నాం, దోసె తీసేశాం, నాలుగు ఇడ్లీలను రెండు విడతలు చేశాం: ఎనిమిదికి మూడు, తొమ్మిదికి ఒకటి, గుడ్డు. రెండో విడత ఇంకా వెనక్కి పోతే పదకొండింటి మాత్రకు రెండు గంటల ఎడం దక్కదు. రాత్రి మాత్ర మంట పుట్టిస్తోందని దాన్ని పడుకోవడానికి గంట ముందుకు, తొమ్మిదికి, తెచ్చాం. దానికి తగ్గట్టు రాత్రి భోజనం ఏడుకే.

పలమనేరు: అదే పిండి, వేరే ఊరు

నవంబరు మొదట్లో, 33వ వారంలో, కాన్పుకు పుట్టింటికి పలమనేరు వెళ్లింది. తిరుపతి నుంచి ఘాట్ ఎక్కాక అంతా పీఠభూమి, నవంబరు రాత్రులు చలిగా ఉంటాయి. తిరుపతిలో ఆరు గంటల్లో పొంగిన పిండి అక్కడ పొద్దునకు కదల్లేదు. తల్లి సోడా ఉప్పు డబ్బా తీసింది. “ఈ చలికి ఎట్ల పొంగుతాదమ్మా, చిటికెడేస్తే ఏమయితాది” అని ఫోన్.

చలిలో పిండి గంటల తరబడి పొంగకుండా కూర్చుంటే పులవడమూ సరిగా మొదలుకాదు, ఫైటేట్ తగ్గదు. సోడా వేస్తే ఇడ్లీ పొంగుతుంది, పని జరిగినట్టు కనిపిస్తుంది, లోపల జరగాల్సింది జరగదు. గాలి ఎంత చల్లగా ఉందన్నది కాదు, పిండి ఎంత వెచ్చగా ఉందన్నది ముఖ్యం. చెప్పిన మార్పులు ఇవి. రుబ్బేటప్పుడు ఫ్రిజ్ నీళ్లకు బదులు గోరువెచ్చని నీళ్లు. పాత పిండి రెండు పెద్ద చెంచాలు తోడుగా. ఉప్పు పులిసిన తర్వాతే, ఎందుకంటే ఉప్పు పులియడాన్ని కాస్త వెనక్కి లాగుతుంది. వేసవిలో అదే మనకు మేలు, చలిలో అదే అడ్డం. పిండి గిన్నెను ఇంకో పెద్ద గిన్నెలో, చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడినీళ్లలో నిలబెట్టి, దుప్పటి చుట్టి, నీళ్లు కాగే పొయ్యి ఉన్న గదిలో ఉంచడం. సాయంత్రం అయిదుకు రుబ్బితే పొద్దున ఏడుకు, అంటే 14 గంటలకు, పొంగింది. మొలకకు కూడా 24 కాదు, 40 గంటలు పట్టింది. అంబలి పిండికి రాత్రంతా సరిపోలేదు, ముందు రోజు మధ్యాహ్నమే కలిపి పెట్టారు.

ఆ వారం మధ్యలో రెండు రోజులు పొంగని పిండితోనే దోసె పోశారు. నష్టం లేదు. పులవని దోసె విషం కాదు, కాస్త బరువుగా ఉంటుంది, అంతే.

ఫలితం

34వ వారంలో హిమోగ్లోబిన్ 11.2. ఫెరిటిన్ మళ్లీ చేయించలేదు. బరువు చివరికి 56.5 కిలోలు, మొత్తం మీద పదిన్నర కిలోలు పెరిగింది. 39వ వారంలో మామూలు కాన్పు, బిడ్డ 2.9 కిలోలు. 9.2ను 11.2 చేసింది మాత్రలే అని రాయడం న్యాయం. టిఫిన్ల వంతు మాంసకృత్తులు, కాల్షియం, వికారం తగ్గి తిండి నిలవడం. పూటలు విడగొట్టడం వల్ల ఆ మాత్రల ఇనుము వృథా కాలేదు.

కాన్పు తర్వాత కూడా ఐరన్ మాత్ర రోజుకొకటి 180 రోజులు ఉంది. పథ్యం పేరుతో పెరుగు, ఇడ్లీ, పుల్లటివన్నీ ఆపేశారు. ఇడ్లీ రెండో వారంలో తిరిగి మొదలైంది, పెరుగు నెల దాటాకే. మధ్యలో కాల్షియానికి పాలు, రాగి జావ వాడమన్నాం, జావ సాయంత్రం వేళ మాత్రమే.

యథాతథంగా ఎవరికి ఇవ్వకూడదు

హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉన్నవాళ్లకు ఆహార ప్రణాళిక తర్వాత, ఆసుపత్రి ముందు. గర్భంలో చక్కెర వచ్చినవాళ్లకు పల్చటి రాగి అంబలి రక్తంలో చక్కెరను తొందరగా ఎక్కిస్తుంది. వాళ్లకు బియ్యం తగ్గించి పెసలు పెంచిన దోసె, కూరగాయలు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉందో లేదో చూసుకుంటూ సాగాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఈ వేళలు అసలు కుదరవు. పరగడుపున ఆరింటికి థైరాక్సిన్ వేసుకుంటే ఐరన్, కాల్షియం రెంటికీ దాని తర్వాత నాలుగు గంటల ఎడం కావాలి. అప్పుడు పొద్దున టిఫిన్‌తో కాల్షియం మాత్ర తీసేసి మధ్యాహ్నానికి, రాత్రికి జరపాలి, ఐరన్‌ను సాయంత్రం నాలుగుకు, పడుకునే ముందుకు పెట్టాలి, నాలుగింటి టీ మానేయాలి. మధ్యాహ్నం పూట ఇక ఇనుము పూట కాదు, పప్పులు, ఆకుకూర పొద్దున టిఫిన్‌కు చేరతాయి: రాగులు లేని పెసర పొంగనాలు, మునగాకు, నిమ్మకాయ.